జయపురం కొండల మీద టర్బో లేని చిన్న విమానం: ఏది తీసుకోవాలి, ఎంత ఎత్తున వెళ్లాలి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కే పాత డీజిల్ లారీలు మలుపు మలుపుకీ రొప్పుతాయి. కొండ నిటారుగా ఉండటం ఒక్కటే కారణం కాదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో (గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే పరికరం) లేని ఇంజిన్ ఎప్పటిలాగే సిలిండర్ నిండా పీల్చినా, ఆ గాలిలో ఆక్సిజన్ తక్కువ కాబట్టి మండే ఇంధనమూ తక్కువే. చిన్న విమానాల్లోని లైకమింగ్, రోటాక్స్ ఇంజిన్ల సంగతీ ఇదే. లారీ అయితే గేరు తగ్గించుకుంటుంది, మరీ ఇబ్బందైతే పక్కకి ఆగుతుంది. విమానానికి ఆ వీలు లేదు.

కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల మీదుగా, అంటే జయపురం, బరంపురం, విశాఖల మధ్య ఇలాంటి విమానం నడపాలనుకునేవారికి ఎంపికలు నాలుగు రకాలు: ఏ విమానం, ఎంత బరువు, ఎంత ఎత్తు, ఏ వేళ. చాలామంది మొదటి దాని గురించే తర్జనభర్జన పడతారు. మన కొండల మీద నాలుగోదే ఎక్కువ తేడా తెస్తుంది. ఆ లెక్క ముందు చూద్దాం.

అసలు ఎత్తు ఎంత?

ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి 1,672 మీటర్లు, అంటే 5,486 అడుగులు. గజపతి జిల్లాలో మహేంద్రగిరి 1,501 మీటర్లు. హిమాలయాలతో పోలిస్తే ఇవి గుట్టలే. సెస్నా 172ఎస్ అనే చిన్న విమానం పుస్తకంలో సర్వీస్ సీలింగ్ 14,000 అడుగులని రాసి ఉంటుంది. అది చూసి ‘మనకి ఢోకా లేదు’ అనుకోవడమే మొదటి పొరపాటు.

ఇంజిన్‌కీ రెక్కకీ ప్రొపెల్లర్‌కీ తెలిసేది గాలి చిక్కదనమే. ఆ చిక్కదనాన్ని ఎత్తు రూపంలో చెప్పేదే డెన్సిటీ ఆల్టిట్యూడ్. దాన్ని కాగితం మీద ఇలా కట్టవచ్చు. ప్రామాణిక వాతావరణంలో సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 2 డిగ్రీల తగ్గుదల. అసలు ఉష్ణోగ్రత ఆ లెక్క కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువైతే, డిగ్రీకి 120 అడుగుల చొప్పున ప్రెషర్ ఆల్టిట్యూడ్‌కి (గాలి పీడనాన్ని బట్టి కట్టే ఎత్తుకి) కలపాలి.

జయపురం రన్‌వే సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసి చెప్పే గాలి పీడనం) 1000 అనుకోండి. ప్రామాణిక పీడనం 1013 కన్నా 13 హెక్టాపాస్కల్స్ తక్కువ. ఒక్కోదానికి సుమారు 30 అడుగులు వేస్తే 390 అడుగులు, కాబట్టి ప్రెషర్ ఆల్టిట్యూడ్ దాదాపు 2,400. ఆ ఎత్తులో ఉండాల్సింది 10 డిగ్రీలు, ఉన్నది 40. తేడా 30, దాన్ని 120తో గుణిస్తే 3,600. మొత్తం 6,000 అడుగులు. చక్రాలు ఇంకా నేల మీదే ఉన్నాయి, ఇంజిన్ మాత్రం దేవమాలి శిఖరం కన్నా పైన ఉన్నట్టు పనిచేస్తుంది.

అదే జనవరి పొద్దున 12 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ 1015 ఉంటే జవాబు దాదాపు 2,000 అడుగులే. రన్‌వే అదే, విమానం అదే, తేడా 4,000 అడుగులు.

కొండలు లేనిచోట ఈ బెడద ఉండదనుకోకండి. మహారాష్ట్ర వైపు చంద్రపూర్ సముద్రమట్టానికి 600 అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉంది. అక్కడ 47 డిగ్రీల ఎండలో, క్యూఎన్‌హెచ్ 1000 దగ్గర ఇదే లెక్క కడితే 5,000 అడుగులు దాటుతుంది. బరంపురం లాంటి తీరప్రాంతంలో ఎండకి ఉక్క తోడవుతుంది. తేమ గాలి పొడి గాలి కన్నా తేలిక కాబట్టి, పై లెక్కలో కనిపించని మరికొన్ని వందల అడుగులు అక్కడ చేరతాయి.

విమానాల పోలిక

బ్రోషర్లో సీలింగ్ చూసి ఎంచుకోవద్దు. మీరు వెళ్లే ఎత్తులో, ఆ రోజు వేడిలో, ఇంకా నిమిషానికి ఎన్ని అడుగులు ఎక్కగలదో చూసి ఎంచుకోండి. సర్వీస్ సీలింగ్ అంటే విమానం నిమిషానికి 100 అడుగులు మాత్రమే ఎక్కగలిగే ఎత్తు. కొండ గాలి ముందు ఆ వంద అడుగులు లెక్కలోకే రావు.

సెస్నా 172ఎస్ 180 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజిన్‌తో, 1,157 కిలోల నిండు బరువుతో, సముద్రమట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది. 14,000 దగ్గర అది 100కి పడిపోతుంది కాబట్టి వెయ్యి అడుగులకి దాదాపు 45 చొప్పున తగ్గుతున్నట్టు. ఆ లెక్కన జయపురంలో మే మధ్యాహ్నం, అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 6,000 దగ్గర, 460 మిగులుతుంది. 7,500 అడుగులకి చేరేసరికి అక్కడి గాలి 24 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ దాదాపు 10,400. అక్కడ మిగిలేది 260 మాత్రమే. శిఖరానికి గాలివాలు పక్కన నిమిషానికి 500 అడుగులు కిందికి లాగే గాలి తగలడం పెద్ద విశేషమేమీ కాదు. అప్పుడు థ్రాటిల్ చివరిదాకా నొక్కి ఉన్నా విమానం కిందికే దిగుతుంది.

సెస్నా 152 కాగితం మీద తీసిపోయేదేం కాదు. 110 గుర్రాలు, 757 కిలోలు, 715 అడుగుల క్లైంబ్, 14,700 సీలింగ్. 10,400 దగ్గర దాదాపు 280 మిగులుతుంది, నిండు బరువు 172 కన్నా ఓ పిసరు ఎక్కువే. కానీ ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకులు అయ్యేసరికే ఇది బరువు హద్దుని తాకుతుంది. బరువు దించుకునే వెసులుబాటు దీనికి లేదు. వేగమూ తక్కువ కాబట్టి కిందికి లాగే గాలిలోంచి బయటపడటానికి ఎక్కువసేపు పడుతుంది. పొద్దున్నే సర్క్యూట్లకీ (రన్‌వే చుట్టూ తిరిగి దిగే సాధనకీ), దగ్గరి ప్రయాణాలకీ బాగుంటుంది. జయపురం నుంచి తూర్పు కొండలు దాటడానికి మాత్రం మేం దీన్ని సిఫారసు చేయం.

172ఎస్‌ని ఇద్దరితో, కావలసినంత ఇంధనంతో తీసుకెళ్తే అది వేరే విమానమే అయిపోతుంది. నిండు బరువు కన్నా 12 శాతం తేలికైతే అదే 10,400 దగ్గర క్లైంబ్ 260 నుంచి 400 దాటుతుంది. కారణం తేలికే: రెక్క మోయాల్సిన బరువు తగ్గితే ఎగురుతూ ఉండటానికి కావలసిన శక్తి తగ్గుతుంది, మిగిలిన శక్తంతా ఎక్కడానికే పోతుంది. మన కొండలకి చాలామందికి సరిపోయే ఎంపిక ఇదే: 172ఎస్, ఇద్దరు మనుషులు, పొద్దుటి వేళ.

నలుగురు తప్పనిసరైతే 182టి వైపు వెళ్లండి. 230 గుర్రాలు, 1,406 కిలోలు, సముద్రమట్టం దగ్గర 924 అడుగుల క్లైంబ్, 18,100 సీలింగ్. నిండు బరువుతో, 10,000 డెన్సిటీ ఆల్టిట్యూడ్ దగ్గర కూడా 470 దాకా ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఆ ఖర్చు ఎక్కడికి పోతుందో కొండ దగ్గర తెలుస్తుంది.

డైమండ్ డీఏ40 పాత పెట్రోలు రకంలో ఉన్నదీ 180 గుర్రాల లైకమింగే. నిండు బరువు 172 కన్నా కాస్త ఎక్కువ కూడా. అయినా సీలింగ్ 16,400. రహస్యం రెక్కలో ఉంది: 172 రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి 11 మీటర్లు, దీనిది దాదాపు 12, పైగా సన్నగా ఉంటుంది. పలచని గాలిలో నెమ్మదిగా ఎక్కేటప్పుడు పొడవాటి సన్నని రెక్క తక్కువ శక్తితో పని కానిస్తుంది. గుర్రాల లెక్కే చూసేవారు ఈ సంగతి మరిచిపోతారు. డీఏ40 ఎన్‌జీ అనేది వేరు. అది జెట్ ఇంధనంతో నడిచే టర్బో డీజిల్, ఈ పోలికలోకి రాదు.

రోటాక్స్ 912 పెట్టిన 600 కిలోల తరగతి విమానాల్లో 100 గుర్రాల రకమైతే గుర్రానికి 6 కిలోలే పడతాయి, 172ఎస్ కన్నా నయం. కార్బ్యురేటర్ రకాల్లో ఉండే బింగ్ కార్బ్యురేటర్లు ఎత్తుని బట్టి గాలి, పెట్రోలు మిశ్రమాన్ని (మిక్స్చర్‌ని) చాలావరకు తామే సర్దుకుంటాయి, మిక్స్చర్ లీవర్ ఉండదు. ఈ తరగతికి ఉన్న చిక్కు బరువే. తేలికపాటి విమానం మధ్యాహ్నపు వేడిగాలి బుడగల్లో ఎండుటాకులా కొట్టుకుంటుంది. మన నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ చేసిన హంస-3లో ఉన్నది రోటాక్స్ 914, అంటే టర్బో ఇంజిన్. 2021లో మొదటిసారి ఎగిరిన హంస-ఎన్‌జీలో టర్బో లేని 912 ఐఎస్ ఉంది. పేరు ఒకటే కదా అని ఒకదాని పనితీరు పట్టికలు రెండోదానికి వాడకండి.

ప్రొపెల్లరూ, ఇంధనం అందే తీరూ

172లో ఉన్నది కోణం మారని ప్రొపెల్లర్. బ్రేకు మీద నిలబెట్టి పూర్తి థ్రాటిల్ ఇస్తే 2,300–2,400 ఆర్‌పీఎం వస్తుంది. ఎర్ర గీత, అంటే దాటకూడని హద్దు, 2,700. అంటే పరుగు మొదట్లో 180 గుర్రాలూ బయటికి రావు. 182లోనూ, పెట్రోలు డీఏ40లోనూ ఉన్న, రెక్కల కోణం దానంతటదే మార్చుకునే కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్ మొదటి క్షణం నుంచే 180కి 180, 230కి 230 వాడుకుంటుంది. వేడి రోజున, పొట్టి రన్‌వే మీద ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 172ఎస్ సముద్రమట్టం దగ్గర, ప్రామాణిక ఉష్ణోగ్రతలో 960 అడుగులు పరిగెడితే లేస్తుంది. కోణం మారని ప్రొపెల్లర్‌కి వెయ్యి అడుగులకి 15 శాతం పెంచుకోవాలన్నది పైలట్లు వాడే మోటు లెక్క. 6,000 దగ్గర 90 శాతం పెరుగుతుంది, అంటే 1,800 దాటుతుంది. ఇది గట్టి రన్‌వేకి, కొత్త ఇంజిన్‌కి, అలవాటున్న చేతికి. మీ లెక్క మీద ఇంకో మూడో వంతు కలుపుకోండి.

పాత 172లలోనూ, 152లోనూ కార్బ్యురేటర్. దాని గొంతులో గాలి ఇరవై డిగ్రీలకి పైగా చల్లబడగలదు. కాబట్టి బయట 12 డిగ్రీలున్నా లోపల మంచు కడుతుంది. శీతకాలంలో కొరాపుట్ మీద 7,500 అడుగుల దగ్గర ఉండేది ఇంచుమించు ఆ ఉష్ణోగ్రతే, వానాకాలంలో తేమకి కొదవే లేదు. థ్రాటిల్ కదపకుండానే ఆర్‌పీఎం కొద్దికొద్దిగా జారుతుంటే అనుమానించి కార్బ్యురేటర్ హీట్ (అందులోకి వేడి గాలి పంపే నాబ్) పూర్తిగా లాగండి. మొదట ఆర్‌పీఎం ఇంకా పడుతుంది, ఇంజిన్ దగ్గుతుంది. కరిగిన నీళ్లు మింగుతోందన్నమాట. అక్కడ భయపడి హీట్ వెనక్కి నెట్టేయడమే చాలామంది చేసే తప్పు. అలాగే ఉంచితే అర నిమిషం నుంచి నిమిషంలో కోలుకుంటుంది. వేడి గాలి పలచన కాబట్టి మిశ్రమం చిక్కబడుతుంది, మిక్స్చర్ నాబ్ మళ్లీ కాస్త బయటికి లాగాలి, అంటే పెట్రోలు తగ్గించాలి.

172ఎస్‌లో కార్బ్యురేటర్ బదులు ఉన్న ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి ఈ మంచు బెడద లేదు, కానీ ఎండలో ఆగిన గంటకి మళ్లీ స్టార్ట్ చేయడం కష్టం. ఇంజిన్ పైనున్న సన్నని గొట్టాల్లో పెట్రోలు ఆవిరైపోతుంది. ఎగురుతుండగా ఫ్యూయల్ ఫ్లో ముల్లు ఊగుతుంటే ఆక్జిలరీ పంపు వేసి మిక్స్చర్ సర్దండి. రెండిట్లో మా మొగ్గు ఇంజెక్షన్ వైపే. నేల మీద వచ్చే తలనొప్పి కొండ మీద వచ్చేదాని కన్నా మేలు.

మిక్స్చర్ లాగడం: ఇక్కడే ఎక్కువ మంది నష్టపోతారు

సముద్రమట్టం దగ్గర నేర్చుకున్నవారికి మిక్స్చర్ ఎర్ర నాబ్ పూర్తిగా లోపలికి నొక్కి టేకాఫ్ తీసుకోవడం చేతికి అలవాటైపోతుంది. 6,000 డెన్సిటీ ఆల్టిట్యూడ్ దగ్గర ఇంజిన్‌కి మిగిలేది దాదాపు 81 శాతం శక్తి, 180లో 146 గుర్రాలు. అదీ మిక్స్చర్ సరిగ్గా ఉంటేనే. పూర్తిగా నొక్కి ఉంచితే గాలికి మించిన పెట్రోలు పోయి అందులోనూ కొంత పోతుంది.

డెన్సిటీ ఆల్టిట్యూడ్ 3,000 దాటిందంటే, కోణం మారని ప్రొపెల్లర్ ఉన్న విమానంలో ఇలా చేయండి. గులకరాళ్లు లేని చోట ఆపి బ్రేకు గట్టిగా తొక్కి పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. ముల్లు, మాటవరసకి, 2,270 దగ్గర నిలుస్తుంది. నాబ్‌ని తిప్పుతూ మెల్లగా బయటికి తీయండి. శబ్దం కాస్త బిగుస్తుంది, ముల్లు 2,290కి, 2,320కి పాకుతుంది. ఒకచోట ఆగుతుంది. ఇంకా తీస్తే పడటం మొదలవుతుంది, చేతికి వణుకు తగులుతుంది. అక్కణ్నించి వెనక్కి తిప్పి, ముల్లు మళ్లీ పైకొచ్చాక ఇంకొంచెం లోపలికి పెట్టండి. ఆ కొంచెం ఇంజిన్‌ని చల్లగా ఉంచడానికి. ఇదంతా నిమిషం లోపు అయిపోవాలి, నిలబడిన విమానంలో సిలిండర్లకి గాలి ఆడదు. కాన్‌స్టంట్ స్పీడ్ ప్రొపెల్లర్‌తో ఆర్‌పీఎం ముల్లు ఈ సంగతి చెప్పదు. అక్కడ విమానం పుస్తకంలో ఎత్తుకి తగ్గట్టు ఇచ్చిన ఫ్యూయల్ ఫ్లో అంకె పట్టుకోండి.

ఎక్కేటప్పుడు ప్రతి వెయ్యి, రెండు వేల అడుగులకీ ఇంకాస్త లాగాలి. సిలిండర్ హెడ్ వేడిని చూస్తూ ఉండండి. లైకమింగ్ హద్దు 500 ఫారెన్‌హీట్ అయినా 400 దగ్గర ఉంచితే ఇంజిన్ ఎక్కువ కాలం మన్నుతుంది. వేడి పెరుగుతుంటే ముక్కు కాస్త దించి 80–85 నాట్స్‌కి (గంటకి నాటికల్ మైళ్లు) వెళ్లండి, అవసరమైతే మిక్స్చర్ కొద్దిగా చిక్కబరచండి. ఎత్తుకి చేరాక శక్తి 75 శాతం లోపు ఉంటుంది కాబట్టి ధైర్యంగా లాగవచ్చు. ఎగ్జాస్ట్ వేడి గరిష్ఠంగా ఉండే చోట ఉంచితే పెట్రోలు పొదుపు, ఆ గరిష్ఠానికి 70 సెల్సియస్ డిగ్రీలు తగ్గేలా మిశ్రమాన్ని చిక్కగా ఉంచితే శక్తి ఎక్కువ.

జయపురంలో దిగేటప్పుడు అలవాటు కొద్దీ ‘మిక్స్చర్ ఫుల్ రిచ్’ అనుకుంటూ నొక్కేయకండి. గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం) చేయాల్సి వస్తే అప్పుడే ఇంజిన్ తడబడుతుంది. టేకాఫ్‌కి పెట్టిన చోటే పెట్టండి. బరంపురంలో, విశాఖలో దిగేటప్పుడు కథ తారుమారు: 7,500 దగ్గర లాగి ఉంచిన మిక్స్చర్ని దిగుతూ దిగుతూ లోపలికి నెట్టాలి. మరిచిపోతే కింద థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజిన్ ఊపిరాడనట్టు ఆగిపోతుంది.

ఎంత ఎత్తు?

జయపురం నుంచి బరంపురం దాదాపు 134 నాటికల్ మైళ్లు, దిశ ఇంచుమించు తూర్పు. వీఎఫ్ఆర్ (కంటితో బయటికి చూస్తూ ఎగరడం) నియమం ప్రకారం తూర్పు వైపు బేసి వేలకి 500 కలపాలి: 5,500, 7,500, 9,500. పడమర వైపు సరి వేలు: 6,500, 8,500. మన దేశంలో వీఎఫ్ఆర్ ప్రయాణం ఫ్లైట్ లెవెల్ 150 (దాదాపు 15,000 అడుగులు) దాటకూడదు, మనకి అంత ఎత్తు ఎలాగూ అక్కర్లేదు.

5,500 పక్కన పెట్టేయండి, అది శిఖరాల ఎత్తే. 6,500 శీతకాలపు ప్రశాంతమైన పొద్దుటికి, శిఖరాలకి దూరంగా వెళ్లే దారికి పర్వాలేదు. కొండ మీద గాలి 20 నాట్స్ ఉంటే శిఖరానికి 2,000 అడుగుల పైన ఉండాలి, కాబట్టి 7,500 లేదా 8,500. మా ఎంపిక పోయేటప్పుడు 7,500, వచ్చేటప్పుడు 8,500. ఈ ఎత్తుల్లోనే టర్బో లేని ఇంజిన్ పూర్తి థ్రాటిల్‌తో 75 శాతం చుట్టుపక్కల ఇస్తుంది. నిజ వేగం, పెట్రోలు ఖర్చు, ఇంజిన్ వేడి మూడూ ఇక్కడే చక్కగా కుదురుతాయి. మే నెల మధ్యాహ్నం మాత్రం 7,500 దగ్గరే శక్తి 70 శాతానికి దిగుతుంది. 9,500 చల్లగా, కుదుపుల్లేకుండా ఉంటుంది. కానీ నిండు బరువు 172తో వేడి రోజున అక్కడికి చేరడానికి అరగంట దాకా పడుతుంది. గంటా పావు ప్రయాణంలో అరగంట ఎక్కడానికే పోతే ఏం లాభం?

ఆక్సిజన్ నియమం 10,000 అడుగుల నుంచి మొదలవుతుంది. 10,000–13,000 మధ్య అరగంట దాటి ఉంటేనూ, 13,000 పైన అయితే ఎప్పుడూనూ సిబ్బందికి కావాలి. అయినా కోవిడ్ రోజుల్లో ఇంటింటా కొన్న వేలి పల్స్ ఆక్సీమీటర్ జేబులో వేసుకోండి. 90 శాతం కన్నా తగ్గితే దిగండి. పొగతాగేవారి రక్తంలో ఆక్సిజన్ అందరికన్నా ముందే తగ్గుతుంది.

కొండ మీదుగానా, లోయ వెంటా?

జయపురం నుంచి తూర్పుకి తిరిగితే కొరాపుట్ పీఠభూమి గోడలా లేస్తుంది. వేడి రోజున 172ఎస్ నాటికల్ మైలుకి 340 అడుగులు ఎక్కుతుంది, అదీ గాలి కిందికి లాగకపోతే. నేరుగా వెళ్లకండి. రన్‌వే పైనే చుట్లు తిరుగుతూ 4,500 అందుకుని అప్పుడు తూర్పుకి ముక్కు తిప్పండి. పది నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

గట్టుని సూటిగా కాకుండా 45 డిగ్రీల కోణంలో సమీపించండి. కిందికి లాగితే సగం మలుపుతోనే పల్లానికి తిరిగిపోవచ్చు. తిరిగినప్పుడు ముక్కు ఎత్తి వేగం పోగొట్టుకోవద్దు. శిఖరం మీద గాలి 25 నాట్స్ దాటితే ఆ రోజు ఈ విమానాలతో దాటడం మానుకోండి.

రాయగడ వైపు నాగావళి, గుణుపూర్ వైపు వంశధార లోయలు పల్లపు దారినిస్తాయి. అడవి కన్నా పొలాలు, ఇసుక తిన్నెలు ఉన్న చోట ఇంజిన్ ఆగితే దిగడానికి నయం. కాని లోయలోకి దిగి ఎగరడం వేరే విద్య. 100 నాట్స్ నిజ వేగంతో 30 డిగ్రీల వంపులో వెనక్కి తిరగాలంటే దాదాపు 940 మీటర్ల వెడల్పు కావాలి, 45 డిగ్రీల వంపులో 540. లోయ మధ్యలో వెళ్తే తిరగడానికి లోయ వెడల్పులో సగమే మీకు మిగులుతుంది. అందుకే గాలి తగిలి పైకి లేచే వాలు పక్కనే, ఒక వైపుకి ఒదిగి వెళ్లాలి. మా సలహా: లోయని దారిగా వాడండి, కానీ గట్ల కన్నా ఎత్తులోనే ఉండండి.

ఏ వేళ?

మే నెలలో పొద్దున ఆరింటికి 25 డిగ్రీలు, క్యూఎన్‌హెచ్ 1003 ఉంటే జయపురంలో డెన్సిటీ ఆల్టిట్యూడ్ 4,000 చిల్లర. మధ్యాహ్నం 6,000. పైసా ఖర్చు లేకుండా రెండు వేల అడుగులు చేతికొస్తాయి. వీఎఫ్ఆర్‌కి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచే అనుమతి ఉంది కాబట్టి ఫ్లైట్ ప్లాన్, ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ పనులు ముందుగా కానిచ్చుకోండి. విశాఖది నౌకాదళ విమానాశ్రయం, అక్కడి అనుమతులకి ఇంకాస్త ముందుచూపు కావాలి.

పొద్దుటికీ ఇబ్బందులున్నాయి. డిసెంబరు, జనవరిలో లోయల నిండా పొగమంచు ఉంటుంది, తొమ్మిదింటిదాకా తేలదు. ఎండ వేడి లేని రోజులే కాబట్టి ఆగినా నష్టం లేదు. మార్చి, ఏప్రిల్లో పోడు పొగ కొండల్ని కప్పేసి గట్లు ఎక్కడున్నాయో తెలియనివ్వదు. ఏప్రిల్, మేలో సాయంత్రం ఈదురుగాలుల వానలు దిగుతాయి. పదకొండు దాటాక వేడిగాలి కుదుపులు మొదలవుతాయి. కుదుపుల్లో 172ఎస్ వేగం నిండు బరువుతో 105 నాట్స్ లోపు ఉండాలి. తేలికగా ఉన్నప్పుడు ఆ హద్దు 98కి, 90కి తగ్గుతుంది, పెరగదు. చాలామంది దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకుంటారు.

పెట్రోలు, బరువు

172ఎస్‌లో వాడుకోదగ్గది 200 లీటర్లు. బరంపురానికి గంటా పావు, గంటకి 38 లీటర్ల చొప్పున 48. టాక్సీకి, ఎక్కడానికి 8. అక్కడ దిగలేక విశాఖకి మళ్లితే ఇంకో 48. చివరి నిల్వ 27. మొత్తం దాదాపు 130 లీటర్లు. మిగతా 70 లీటర్లు నింపకపోతే లీటరుకి 0.72 కిలోల చొప్పున 50 కిలోలు తగ్గుతుంది. బరువు 10 శాతం తగ్గితే టేకాఫ్ పరుగు 20 శాతం దాకా తగ్గుతుంది.

ఈ పొదుపంతా అవతల ఏవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) దొరికితేనే. చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లలో దొరుకుతుందని అనుకోకండి, బయల్దేరే ముందే రూఢి చేసుకోండి. ఇండియన్ ఆయిల్ 2022లో ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్‌ని దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టినా, అది పెద్ద ఊళ్లలోనూ శిక్షణ సంస్థల దగ్గరా దొరికే సరుకే. రానూపోనూ ఇంధనం మీరే మోయాల్సి వస్తే ట్యాంకులు నిండుగా, మనుషులు ఇద్దరే. మూడో మనిషిని ఎక్కించుకోవద్దు.

రోటాక్స్ వారికి బంకు పెట్రోలు ఆశ పెడుతుంది. ఆ ఇంజిన్‌కి ఇథనాల్ హద్దు 10 శాతం. ఇప్పుడు మన బంకుల్లో పోసేది ఇ20, అంటే 20 శాతం దాకా ఇథనాల్. పైగా బంకు పెట్రోలు ఎత్తులో, వేడిలో తొందరగా ఆవిరై గొట్టాల్లో బుడగలు కడుతుంది. కొండ ప్రయాణానికి ఏవ్‌గ్యాసే పోయండి. అందులోని సీసం వల్ల ఆయిల్ తొందరగా మార్చాల్సి వస్తుంది, మార్చండి.

టర్బో ఎప్పుడు కావాలి?

182కే టర్బో రకం టీ182టి ఉంది, 20,000 అడుగుల దాకా వెళ్తుంది. లేహ్ రన్‌వే 10,600 అడుగుల పైన ఉంది. అలాంటి చోట టర్బో లేకుండా వెళ్లాలనుకోవడం తప్పు. మన కొండల్లో దాని అవసరం రెండు సందర్భాల్లోనే: వారానికి నాలుగైదుసార్లు, మధ్యాహ్నం కూడా, నిండు బరువుతో వెళ్లక తప్పనప్పుడు. లేదా పొద్దున వెళ్లి ఆ పొద్దునే తిరిగి రావడానికి వీల్లేని పని అయినప్పుడు. అప్పుడైనా టర్బో ఇంజిన్‌కి శక్తి ఇస్తుంది కానీ రెక్క కింది గాలిని చిక్కబరచదు. జయపురంలో 40 డిగ్రీల ఎండలో దిగేటప్పుడు టర్బో ఉన్నా లేకున్నా, మీటరు చూపే వేగం ఎప్పటిదే అయినా, నేల మీది వేగం 9 శాతం ఎక్కువ, దిగాక పరుగు దాదాపు 20 శాతం ఎక్కువ. వేగంగా వస్తున్నట్టు కంటికి అనిపించి ముక్కు ఎత్తితే స్టాల్ (రెక్క విమానాన్ని మోయలేకపోయే స్థితి) దగ్గరవుతుంది. మీటరు ముల్లునే నమ్మండి, రన్‌వే మొదటి మూడో వంతులో చక్రాలు తగలకపోతే గో-అరౌండ్ చేయండి.